గుర్రపు లాడం: గిట్టల సంరక్షణలో చేతిపని, శాస్త్రం

ఉపోద్ఘాతం

అశ్వదళాల చరిత్రలో జాతి, జీను, రికాబుల గురించి జరిగినంత చర్చ గిట్ట గురించి జరగలేదు. గిట్ట చెడిన గుర్రం ఎంత మేలుజాతిదైనా యుద్ధానికీ, బండికీ పనికిరాదు. ఆ గిట్టను కాపాడే జ్ఞానం ఎవరి అధీనంలో ఉండేది, అది శాస్త్రంగా ఎలా రూపొందింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

లాడానికి పూర్వం

క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందిన గ్రీకు రచయిత జెనోఫోన్ తన అశ్వారోహణ గ్రంథంలో మేకులతో బిగించే లాడాన్ని పేర్కొనలేదు. గుండ్రటి రాళ్లు పరచిన నేలమీద గుర్రాన్ని నిలిపితే గిట్టలు గట్టిపడతాయని సూచించాడు. రోమన్లు వారులతో కట్టే ఇనుప పాదుకలను వాడారు. మేకుల లాడం ఎప్పుడు పుట్టిందన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఐరోపాలో దాని వాడకానికి స్పష్టమైన ఆధారాలు 9, 10 శతాబ్దాల నుండి లభిస్తున్నాయి. తడినేలలో గిట్ట మెత్తబడటం, రాతిబాటలపై త్వరగా అరిగిపోవడం దాని వ్యాప్తికి దోహదం చేశాయి.

జ్ఞానంపై అదుపు

మధ్యయుగ ఐరోపాలో లాడం వేసేవాడే తరచుగా అశ్వవైద్యుడు కూడా. ఈ నేపథ్యంలో 13వ శతాబ్ది చివర పాండ్య తీరాన్ని వర్ణించిన మార్కోపోలో మాటలు గమనార్హం. అక్కడ దిగుమతైన గుర్రాలు సరైన సంరక్షణ లేక చనిపోయేవనీ, అశ్వవైద్యులు అక్కడికి చేరకుండా వర్తకులే అడ్డుపడేవారనీ, గుర్రాలు చస్తేనే వారికి మళ్లీ బేరమనీ ఆయన రాశాడు. ఇది ఒక యాత్రికుని కథనం మాత్రమే. ఉష్ణ వాతావరణాన్నీ, మేతనూ కూడా కారణాలుగా లెక్కించాలి. అయినా సంరక్షణ జ్ఞానానికి మార్కెట్ విలువ ఉండేదన్న సమకాలీన భావన ఇందులో వ్యక్తమవుతోంది. తెలుగు తీరానికీ ఈ వాణిజ్యంతో సంబంధముంది. గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244) ఓడల సరుకులలో గుర్రాలను పేర్కొంటుంది.

కొలిమి నుండి కళాశాలకు

1761లో క్లోడ్ బూర్జెలా లియోన్‌లో పశువైద్య విద్యాలయాన్ని స్థాపించాడు. 1791లో లండన్‌లో అటువంటి కళాశాల ఏర్పడింది. 19వ శతాబ్ది ఆరంభంలో బ్రేసీ క్లార్క్, బరువు పడినప్పుడు గిట్ట వెనుకభాగం విచ్చుకుంటుందనీ, మేకులతో బిగించిన లాడం ఆ కదలికను అడ్డుకుంటుందనీ వాదించాడు. రక్షణ కోసం పుట్టిన సాధనమే హాని చేయవచ్చునన్న ఈ వాదన నేటికీ సజీవంగా ఉంది. గోరులాగా గిట్ట గోడ నిరంతరం పెరుగుతుంది. కాబట్టి సుమారు 6 నుండి 8 వారాలకొకసారి లాడం తీసి, గిట్టను చెక్కి, తిరిగి బిగించాలి. మేకు స్పర్శలేని బయటి పొరలోనే దిగాలి. లోపలికి దిగితే గుర్రం కుంటుతుంది.

అమెరికాలోని ట్రాయ్ నగరంలో హెన్రీ బర్డెన్ 1835లో లాడాలు చేసే యంత్రానికి పేటెంటు పొందాడు. తయారీ యంత్రానికి మారినా, ఒక్కొక్క గిట్టకు తగినట్లు అమర్చే పని చేతినైపుణ్యంగానే మిగిలింది.

ముగింపు

లాడం చరిత్రను కేవలం లోహ పరిజ్ఞాన చరిత్రగా చూడటం అసమగ్రం. గుర్రం నుండి మనిషి కోరిన శ్రమకూ, దాని దేహధర్మానికీ మధ్య కుదిరిన రాజీయే లాడం. ఆ రాజీని ప్రతి గిట్ట దగ్గరా నిలబెట్టింది పేరు తెలియని కమ్మరులు. వారి నైపుణ్యాన్ని అశ్వ చరిత్రలో భాగంగా అధ్యయనం చేయవలసి ఉంది.