కైఫియత్తు

ఒక ఊరి పుట్టుక, గుడులు, మాన్యాలు, పాలకులు, పన్నుల సంగతులను స్థానికులు చెప్పగా రాసిన వృత్తాంతం. అరబ్బీ నుంచి పారశీకం మీదుగా వచ్చిన ఈ మాటకు మూలార్థం స్థితి, వివరం. తెలుగులో దీన్ని చరిత్ర పదంగా నిలిపింది ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ (1754–1821) సేకరణ. మెకంజీ కోసం కావలి బొర్రయ్య, 1803లో బొర్రయ్య మరణించాక తమ్ముడు లక్ష్మయ్య, వారి సహాయకులు ఊరూరా తిరిగి కరణాల కవిలెలు (లెక్కల పుస్తకాలు) చూశారు, శాసనాలకు నకళ్లు తీశారు, పెద్దల మాటలు రాయించారు. శిథిలమవుతున్న ప్రతులకు తర్వాత సి.పి. బ్రౌన్ కొత్త నకళ్లు రాయించాడు. కైఫియత్తుల్లో పురాణగాథ, రాజుల వరుస, పొలం సరిహద్దు పక్కపక్కనే ఉంటాయి. అందుకే తేదీలను శాసనాలతో సరిచూడక తప్పదు. ఊళ్లు పాడుపడిన తీరు, మాన్యాల తగాదాల విషయంలో మాత్రం ఇంత దగ్గరి సాక్ష్యం అరుదు.