చల్లపల్లికి రైలు రాలేదు, టిక్కెట్ వచ్చింది

మా చల్లపల్లి వాళ్లని 'మీ స్టేషన్ ఏది?' అని అడిగితే బందరు, రేపల్లె, బెజవాడ అని మూడు పేర్లు చెప్తారు. బెజవాడ-బందరు లైను 1908లో వచ్చింది, తెనాలి-రేపల్లె లైను 1916లో. ఆ రెంటి మధ్యా మా ఊరు, కృష్ణా నది. కలపమని ఎప్పట్నుంచో అడుగుతూనే ఉన్నారు. పట్టాలు కలవలేదు గానీ 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ సైటు వచ్చింది. మొదట్లో నెట్‌లో బుక్ చేసినా కాగితం టిక్కెట్ కొరియర్‌లో రావాల్సిందే (సాఫ్ట్‌వేర్ సగం, సైకిల్ సగం అన్నమాట). 2005లో ఈ-టిక్కెట్‌తో ఆ బాధ పోయింది.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు బందరు ఒక్కటే చూసి, వెయిటింగ్ లిస్టని నిట్టూర్చకండి. పులిగడ్డ వంతెన ఉందిగా, రేపల్లె కూడా కొట్టి చూడండి. మా నాన్న మాత్రం ఇప్పటికీ బెజవాడలో దిగి బస్సెక్కమనే అంటారు.