ఐబీసీ ట్యాంకు

రసాయనాలు, నూనెలు, పండ్ల రసాల వంటి ద్రవాలను టోకుగా తరలించే ప్లాస్టిక్ తొట్టి. చుట్టూ ఉక్కు గొట్టాల పంజరం, అడుగున ప్యాలెట్ ఉంటాయి. ఎక్కువగా వాడుకలో ఉన్నది 1000 లీటర్లది. నీళ్లతో నింపితే టన్ను దాటే ఆ బరువుకు ప్లాస్టిక్ గోడలు ఉబ్బిపోతాయి. పంజరం వాటిని పట్టి ఉంచుతుంది. ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు పైదాని భారం కూడా ప్రధానంగా పంజరం మీదుగానే కిందికి దిగుతుంది. అసలు తెలివంతా ప్యాలెట్‌లో ఉంది: సుమారు 1200 × 1000 మిల్లీమీటర్ల ఆ పీఠానికి సాధారణంగా నాలుగు వైపులా ఖాళీలు వదులుతారు కాబట్టి ఫోర్క్‌లిఫ్ట్ ఎటు నుంచైనా ఫోర్కులు దూర్చి లేపగలదు. సగం నిండిన తొట్టిని మాత్రం నమ్మకూడదు. లోపలి ద్రవం ఊగి, మలుపులో బండినే ఒరగదీయగలదు. ఖాళీ చేయడానికి అడుగున కవాటం ఉంటుంది. లోపలి తొట్టి పాడైతే అదే చట్రంలో కొత్తది బిగిస్తారు.