బళ్లారి వకీలు, మద్రాసు జడ్జి

మధ్యాహ్నం రెండు దాటింది. బళ్లారి ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కోర్టు వరండాలో నీడ తగ్గేకొద్దీ కక్షిదారులు జరిగి జరిగి గోడకు అతుక్కుపోయారు. ఒకాయన కన్నడంలో గొణుగుతుంటే పక్కాయన తెలుగులో జవాబిస్తున్నాడు. బంట్రోతు ఉర్దూ కలిపి ఇద్దరినీ కసురుతున్నాడు. ఎవరికీ ఏదీ అర్థం కాకపోవడమంటూ లేదు.

ఇవి 1930ల తొలి ఏళ్లు. మీరు లోపలికొచ్చి వెనక బెంచీ మీద కూర్చోండి. జడ్జిగారు ఎత్తుమీద ఉన్నారు. సెషన్స్ కేసు కాబట్టి పక్కన అసెసర్లు కూడా ఉన్నారు. వాళ్లు ఊళ్లో పరువున్న పెద్దమనుషులు. విచారణంతా విని తలా ఒక అభిప్రాయం చెబుతారు, జడ్జి దానికి కట్టుబడాలని లేదు. అయినా ప్రాసిక్యూటరు చూపు మాటిమాటికీ వాళ్లవైపే పోతుంది. చూడవచ్చినవాళ్లను చూడకుండా ఎవరు మాత్రం మాట్లాడగలరు?

నల్ల గౌనులో లేచి నిలబడినాయన తాడిపత్రి రాఘవాచార్యులు. కోర్టుకు ఆయన సర్కారు వకీలు, ఊరికి బళ్లారి రాఘవ. 1933లో రావు బహద్దూర్ బిరుదు కూడా వస్తుంది.

సాక్షి బోనెక్కాడు. పల్లెటూరి రైతు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇక్కడ ప్రాసిక్యూటరు పనిలో ఒక కిటుకుంది, దగ్గరగా చూడండి. తన సాక్షిని తాను విచారించేటప్పుడు జవాబు నోటికందించే ప్రశ్న వేయకూడదు. ‘కత్తి పట్టుకున్నాడు కదా’ అని అడిగితే అవతలి వకీలు గభాలున లేస్తాడు. అందుకని ‘తర్వాత?’ అనాలి, ‘అప్పుడేమైంది?’ అనాలి. అని ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కష్టం. సాక్షి నీళ్లు నములుతుంటాడు, కోర్టంతా ఎదురుచూస్తుంటుంది, వకీలు మాత్రం ముఖం కదపకుండా నిలబడాలి. ఆయన తొందరపడ్డాడా, సాక్షి బెదురుతాడు. విసుక్కున్నాడా, అసెసర్లకు అనుమానం వస్తుంది.

రాఘవ నటన గురించి చెప్పేవాళ్లు ఆయన గొంతునో, రూపాన్నో ముందు చెబుతారు. నన్నడిగితే ఈ బోను ముందు నిలబడటమే ఆయనకు అసలు బడి. ఎదుటివాడు మాట్లాడుతుంటే వినడం వేదిక మీద అన్నిటికంటే అరుదైన విద్య. ఆ కాలపు తెలుగు నాటకంలో అది మరీ అరుదు. పద్యం ఎత్తుకున్నవాడు రాగం తీసి తీసి, ‘వన్స్‌మోర్’ అనిపించుకుని, మళ్లీ అదే పద్యం పాడితే పక్కపాత్ర స్తంభంలా నిలబడేది. రాఘవ పద్యాలు తగ్గించారు, రాగం తగ్గించారు, మాటను మాటలాగా పలికారు.

సాయంత్రమైంది, కోర్టు లేచింది. పదండి ఊళ్లోకి. కొండమీద కోట ఎర్రబారుతోంది. ఈ ఊరి వకీళ్లకు పొద్దుగూకితే నాటకం పిచ్చి, అదీ రాఘవతో మొదలైంది కాదు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఇక్కడే వకీలు. ‘చిత్రనళీయం’, ‘విషాద సారంగధర’ రాసి, సరసవినోదిని సభ పెట్టి, ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్నారు. ఆయనకు పోటీ కోలాచలం శ్రీనివాసరావు, ఆయనా వకీలే, ఆయనది సుమనోరమ సభ. పగలు ఒకే కోర్టులో ఎదురెదురు బల్లలు, రాత్రి ఎదురెదురు సభలు. కోలాచలం ప్రపంచ నాటక చరిత్రను ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. విజయనగర పతనాన్ని నాటకం చేశారు. హంపి శిథిలాలు అప్పుడు ఇదే జిల్లాలో ఉండేవి. (ఇప్పుడు లేవు. 2021లో హొసపేటె కేంద్రంగా విజయనగర జిల్లా వేరైంది, హంపి అటు పోయింది.) ఆ నాటకంలో పఠాన్ రుస్తుం వేషం రాఘవది. కథానాయకుడు రామరాజు, జనం నోట నిలిచింది మాత్రం పఠాను.

జిల్లా ముక్కలు కావడం అదే మొదటిసారి కాదు. రాఘవ పుట్టింది 1880లో తాడిపత్రిలో. అప్పటికి తాడిపత్రి బళ్లారి జిల్లాలోదే, మరో రెండేళ్లకు గాని అనంతపురం జిల్లా ఏర్పడలేదు. మన లెక్కలో అనంతపురం మనిషి, పుట్టిననాటి లెక్కలో బళ్లారి మనిషి.

చీకటి పడింది. స్టేషన్‌కు పోదాం. గుంతకల్లులో బండి మారితే గుత్తి, తాడిపత్రి, కడప మీదుగా మద్రాసు. బళ్లారి వకీళ్లకు ఇది కొట్టిన పిండి. జిల్లా కోర్టులో ఓడినవాడి ఆశలన్నీ ఈ బండెక్కి హైకోర్టుకు పోతాయి. రాఘవ మద్రాసులో చదివారు. క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, తర్వాత లా. 1928లో ఇంగ్లండు దాకా వెళ్లి బెర్నార్డ్ షాను కలిసొచ్చారు. అంతకు ముందు ఏడు ‘దీనబంధు కబీర్’లో ఆయన్ను చూసి గాంధీజీ మెచ్చుకున్నారు.

తెల్లారి మద్రాసులో దిగితే మనకు కావలసినాయన ముప్పై ఏళ్లు కూడా నిండని వకీలు, పాకాల వెంకట రాజమన్నార్. ఈయనకూ నాటకం పిచ్చే, కాకపోతే కలం పిచ్చి. ‘తప్పెవరిది?’ అని ఒక సాంఘికం రాశారు. అందులో దేవుళ్లు లేరు, కిరీటాలు లేవు. ఇంటి గదిలో మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారు. యాభైకి దగ్గరపడుతున్న బళ్లారి వకీలు ఆ నాటకాన్ని భుజానికెత్తుకున్నారు. అంతేకాదు, ఆడవేషం ఆడవాళ్లే కట్టాలని పట్టుబట్టారు. చదువుకున్న ఇంటి ఆడపిల్ల ముఖానికి రంగు పూసుకోవడమా అని ఊరు ముక్కు మీద వేలేసుకునే రోజులవి. కొమ్మూరి పద్మావతీదేవి లాంటివారు ఆ మాట పడి వేదికెక్కారు.

సినిమాల సంగతి తొందరగా చెప్పేస్తాను. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు, 1939లో ‘రైతుబిడ్డ’, తర్వాత ‘చండిక’. కెమెరా ముందు ఆయనకు ఎదురుగా జనం లేరు, అసెసర్లూ లేరు. అక్కడ ఆయన సగం మనిషే అనిపిస్తుంది నాకు. 1946 ఏప్రిల్ 16న పోయారు.

రాజమన్నార్ బండి అప్పుడే వేగమందుకుంటోంది. 1944లో అడ్వకేట్ జనరల్, మరుసటేడు హైకోర్టు జడ్జి, 1948లో ప్రధాన న్యాయమూర్తి. మద్రాసు హైకోర్టుకు ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు మన నాటకకర్తే. పదమూడేళ్లు కదల్లేదు. జడ్జి అయ్యాక నాటకం వదిలేశారనుకుంటే పొరపాటు. 1953 జనవరిలో ఢిల్లీలో సంగీత నాటక అకాడెమీ మొదలైతే తొలి అధ్యక్షుడు ఆయనే. ఇటు మద్రాసులో అప్పీళ్లు, అటు ఢిల్లీలో దేశంలోని ఆటపాటలు. ఈ రెంటినీ ఒకే మనిషి మోయడం ఇవాళ్టి జడ్జీలలో ఊహించలేం, ఊహిస్తే అభ్యంతరాలు చెప్పేవాళ్లే ఎక్కువ.

అదే ఏడు మళ్లీ బళ్లారికి రండి. మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం వేరవుతోంది. ఊరంతా ఒకటే వాదన, ఆంధ్రకా, మైసూరుకా, ఎటు పోతాం? ఈసారి తీర్పు చెప్పవలసింది కూడా ఒక జడ్జే. హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రా వచ్చి బళ్లారి తాలూకాలో విచారించి, మైసూరుకే అన్నారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, మిగతా జిల్లా మైసూరుకు. 1953 అక్టోబరు 1న అది అమలైంది. రెండేళ్లకు రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ బళ్లారిని ఆంధ్రకివ్వమంది. ఆ ఫజల్ అలీ కూడా సుప్రీంకోర్టు జడ్జిగా కూర్చుని వచ్చినవారే. ఆ సిఫార్సు కాగితం మీదే ఉండిపోయింది.

ఇందులో ఎవరూ పెద్దగా చెప్పుకోని మెలిక ఒకటుంది. ఆ అక్టోబరు 1న బళ్లారి రాజమన్నార్ చేతిలోంచి జారిపోయింది. కొత్త ఆంధ్ర జిల్లాల అప్పీళ్లు గుంటూరులో హైకోర్టు పెట్టే దాకా, అంటే 1954 జులై దాకా, మద్రాసుకే వెళ్లాయి. బళ్లారి అప్పీళ్లు మాత్రం ఆ రోజే బెంగళూరు దారి పట్టాయి. తన నాటకాన్ని ఆడించిన వకీలు ఊరి దావాలు ఇక ఆయన బల్ల మీదికి రావు.

తర్వాత ఆయన నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షులయ్యారు. 1969లో తమిళనాడు ప్రభుత్వం కేంద్ర రాష్ట్ర సంబంధాలను తేల్చమని ఒక కమిటీ వేసి, దాన్నీ ఆయన చేతిలోనే పెట్టింది. పక్కన కూర్చున్నవారిలో ఒకరు మన పి. చంద్రారెడ్డి, ఆయనా మాజీ ప్రధాన న్యాయమూర్తి. మరొకరు డాక్టరు, మద్రాసు వైద్య కళాశాలను నడిపిన ఎ. లక్ష్మణస్వామి మొదలియార్. డబ్బు, అధికారం, ఎవరి వాటా ఎంత అన్న ఆ తగవు ఇంకా తెగలేదు. 1971 నాటి ఆ నివేదికను ఇప్పటికీ రెండు వైపుల వాళ్లూ వాడుకుంటూనే ఉన్నారు.

బళ్లారిలో మాత్రం సరిహద్దు దెబ్బ ముందుగా తగిలింది వకీళ్లకే. ఆలూరు రైతు దావా కర్నూలు జిల్లాకు పోయింది, రాయదుర్గం వాళ్లది అనంతపురానికి. తాతల నాటి నుంచి ఈ ఊరి వకీలు గుమ్మంలోనే చెప్పులు విడిచిన కుటుంబాలవి. ‘ఏం సామీ, ఇంక మా కాగితాలు ఎవురు చూస్తారు?’ అని అడిగితే వకీలు కర్నూలులో తెలిసినాయనకు ఒక ఉత్తరం రాసిచ్చి పంపాలి. మిగిలిన పనికి కన్నడ కాగితాలు నేర్చుకోవాలి. నాటకం సంగతి వేరు. రాఘవ పేరుతో కళామందిరం కట్టుకున్న ఊరు ఇది, అందులో ఏ భాష నాటకం పడినా జనం వస్తారు.