స్థానిక కేడర్లు – ఢిల్లీలో రాష్ట్ర ప్రాతినిధ్యం

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు పోటీ పరీక్షల శిక్షణకు పేరొందినవి. నగర కేంద్ర గ్రంథాలయంలోను, పరిసర వసతి గృహాలలోను చదువుకొనే అభ్యర్థులకు తాము ఏ జిల్లాకు, ఏ జోన్‌కు స్థానికులన్నది కీలకాంశం. దీనిని నిర్ణయించే ఉత్తర్వు ఢిల్లీ నుండి వెలువడవలసి ఉన్నది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం ఆ అధికారాన్ని రాష్ట్రపతికి అప్పగించినది.

నేపథ్యం: ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరినది. ఉద్యోగ రక్షణలు అమలు కాలేదన్న అసంతృప్తి 1969 తెలంగాణ ఉద్యమానికి ప్రధాన కారణాలలో ఒకటి. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వగా, ఆంధ్ర ప్రాంతంలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగినది. కేంద్రం ఉభయ ప్రాంతాల నాయకులతో జరిపిన సంప్రదింపుల ఫలితంగా 1973 సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వెలువడినది. తదనుగుణంగా రాజ్యాంగ 32వ సవరణ, 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చినవి. జిల్లా కేడరు పోస్టులలో 80 శాతం స్థానికులకు కేటాయించబడినవి. ఉల్లంఘనలపై ఉద్యోగుల ఫిర్యాదుల పర్యవసానంగా 1985 డిసెంబరు 30న 610 జీ.ఓ. జారీ అయినది.

ఢిల్లీ పాత్ర: అమెరికాలో లాబీయిస్టుల నమోదుకు 1995 నాటి చట్టం ఉన్నది. భారతదేశంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. రాష్ట్రాలు తమ కోర్కెలను వినతిపత్రాలు, ముఖ్యమంత్రి భేటీలు, పార్లమెంటు సభ్యుల ప్రాతినిధ్యం, ఢిల్లీలోని రాష్ట్ర భవన్ల అధికారుల ద్వారా కేంద్ర మంత్రిత్వ శాఖల దృష్టికి తెస్తాయి.

తెలంగాణ రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడినది. 2016 అక్టోబరులో జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరగగా, పాత జోన్ల విధానం పరిస్థితులకు సరిపోలేదు. 2018 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు ఢిల్లీలో ప్రధానమంత్రిని కలిసి నూతన విధానానికి ఆమోదం కోరారు. అదే నెలాఖరున రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడినది. ఏడు జోన్లు, రెండు బహుళ జోన్లు ఏర్పడినవి. స్థానికుల వాటా 95 శాతమైనది.

ములుగు, నారాయణపేట జిల్లాలు 2019 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుతోనే ఏర్పడినవి. నియామకాల నిమిత్తం వాటిని చేర్చే సవరణ మాత్రం 2021లో వచ్చినది. వికారాబాద్ జిల్లాను జోగులాంబ జోన్ నుండి చార్మినార్ జోన్‌కు మార్చుటకు సైతం రాష్ట్రపతి ఆమోదం అవసరమైనది. జిల్లాల, జోన్ల పునర్వ్యవస్థీకరణ ప్రతిపాదనలు రూపొందించునపుడు ఢిల్లీలో పట్టే ఈ వ్యవధిని ముందుగా గణించనిచో, ఆ జాప్యభారం అభ్యర్థులపై, వారి వయోపరిమితిపై పడుతుంది.