ఆదోని – ఎమ్మిగనూరు ప్రాంతంలో ఉపాధ్యాయ శిక్షణ: క్రైస్తవ విద్యాసంస్థలు, భాషాసమస్య

వ్యాససంగ్రహం:
పశ్చిమ కర్నూలు ప్రాంతపు యువతకు ఉపాధ్యాయవృత్తిలోకి ప్రవేశించే మార్గాలు ఎలా ఏర్పడ్డాయి, వాటిలో క్రైస్తవ విద్యాసంస్థల స్థానమేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1823 నాటి బళ్లారి కలెక్టరు నివేదిక ఆధారంగా, ఈ ప్రాంతంలో ఉపాధ్యాయ శిక్షణ సమస్య మూలంలో భాషాసమస్యేనని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, ఉపాధ్యాయ శిక్షణ, క్రైస్తవ మిషన్లు, క్యాంబెల్, బోధనభాష.

1. ఉపోద్ఘాతం

ఆదోని, ఎమ్మిగనూరు 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లోనివి. ఆ తరువాత బళ్లారి జిల్లాలో చేరి, 1953 వరకు అందులోనే కొనసాగాయి. కాబట్టి ఈ ప్రాంత విద్యాచరిత్రను కర్నూలు నుండి కాక బళ్లారి నుండి చదవవలసి ఉంటుంది.

2. 1823 నివేదిక: అయ్యవారి అర్హత

తెలుగు వ్యాకరణం (1816), నిఘంటువు (1821) రచించిన ఎ. డి. క్యాంబెల్ బళ్లారి కలెక్టరుగా 1823లో దేశీయ విద్యపై నివేదిక సమర్పించాడు. దాని ప్రకారం 9,27,857 జనాభా గల నాటి విశాల జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. అంటే వెయ్యిమందికి సుమారు ఏడుగురు. వారిలో బాలికలు 60 మంది మాత్రమే. కన్నడం బోధించే బడులు 235, తెలుగు బోధించేవి 226. ఇంగ్లీషు చెప్పే బడి ఒక్కటే.

చదువులో ముందున్న పిల్లలు వెనుకనున్నవారికి నేర్పే పద్ధతిని క్యాంబెల్ మెచ్చుకున్నాడు. లోపాలుగా రెండింటిని చూపాడు: పాఠ్యగ్రంథాల స్వభావం, సమర్థులైన ఉపాధ్యాయులు లేకపోవడం. గ్రంథాలన్నీ పద్యరూపంలో, వాడుకకు దూరమైన భాషలో ఉండటంవల్ల అర్థం తెలియకుండానే వల్లెవేయడం జరుగుతోందని అతని అభిప్రాయం. ఈ రెండు లోపాలు వేర్వేరు కావు. తనకే అర్థంకాని పద్యాన్ని అయ్యవారు వివరించలేడు. కాబట్టి ఉపాధ్యాయుని సిద్ధం చేయడమంటే ముందుగా భాషను ఎరుకపరచడమే.

3. శిక్షణ అనే భావన

క్యాంబెల్ మెచ్చిన పద్ధతి అప్పటికే సముద్రం దాటింది. 1789 నుండి మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథబాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, దేశీయ బడుల్లో ఇసుకమీద అక్షరాలు దిద్దించడాన్ని గమనించి తన పాఠశాలలో ప్రవేశపెట్టాడు. బాలురచేతనే బాలురకు చెప్పించే విధానాన్ని 1797లో లండనులో పుస్తకంగా వెలువరించాడు. అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండులో వ్యాపించింది. అయితే ఆ పద్ధతిలో బోధకుడు బడిలోనే తయారవుతాడు. అతనికి ప్రత్యేక విద్యాలయం అవసరమన్న ఆలోచన 1854 నాటి ఉడ్స్ డిస్పాచ్‌తో ప్రభుత్వ విధానమైంది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు ఏర్పడింది.

4. మిషన్ విద్య: ఎవరు ఉపాధ్యాయులయ్యారు?

లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారి చేరాడు. అదే మిషన్ 1846లో అక్కడ స్థాపించిన వార్డ్‌లా పాఠశాల క్రమంగా కళాశాల స్థాయికి ఎదిగింది. తూర్పున నంద్యాలలో ఎస్.పి.జి. మిషన్, తీరప్రాంతంలోని బాపట్లలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ గ్రామ ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాయి.

ఈ సంస్థల ప్రధాన ఫలితం సామాజికమైనది. దేశీయ బడి బోధన ఎక్కువగా అక్షరవృత్తిగల కులాల చేతిలో ఉండేది. మిషన్ శిక్షణ మాల, మాదిగ కుటుంబాల యువకులను ఉపాధ్యాయులను చేసింది. అయితే దీనికొక పరిమితి ఉంది. మిషన్ గ్రామ ఉపాధ్యాయుడు తరచుగా ప్రార్థన నడిపే ప్రబోధకుడు కూడా. అతని వేతనం, స్థానం మిషన్ అభీష్టంపై ఆధారపడేవి. అవకాశమూ ఆధీనతా ఒకే ద్వారంగుండా వచ్చాయి.

పట్టభద్రుల స్థాయిలో శిక్షణకు మద్రాసులో స్త్రీల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ (1923), తరువాత మెస్టన్ (1937), గుంటూరులో స్త్రీల కోసం సెయింట్ జోసెఫ్స్ (1944) క్రైస్తవ శిక్షణ కళాశాలలు వెలిశాయి. 60 మంది బాలికల నాటి లెక్కతో పోల్చినపుడు స్త్రీల కళాశాలల ప్రాధాన్యం స్పష్టమవుతుంది. ఆదోని మద్రాసు–బొంబాయి రైలుమార్గంపై ఉన్నందున అక్కడివారికి మద్రాసు నేరుగా అందేది. ఎమ్మిగనూరు వారికి మాత్రం రైలు ఎక్కడానికే మరో ఊరికి వెళ్లవలసి వచ్చేది.

5. రెండు భాషల నడుమ

హ్యాండ్స్ బైబిలును కన్నడంలోకి అనువదించాడు. బళ్లారి మిషన్ కృషిలో కన్నడానికి ప్రముఖ స్థానముండగా, తెలుగు మిషన్ కేంద్రాలు కడప, గుత్తి, నంద్యాల వైపు ఉన్నాయి. తెలుగు మాట్లాడే ఆదోని యువకునికి జిల్లాకేంద్రం ఒక దిక్కు, తన భాషలో శిక్షణ మరొక దిక్కు అయ్యాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరడంతో పాలనాకేంద్రం మారింది. కాని ఇళ్లలోని కన్నడం, ఉర్దూ మారలేదు.

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్స్, గిడుగు రామమూర్తి లేవనెత్తిన బోధనభాషా వివాదానికి కోస్తాను మూలస్థానంగా చెప్పడం పరిపాటి. పాఠ్యభాషకూ వాడుకకూ గల దూరాన్ని బళ్లారి నివేదిక అంతకు ఎనభై ఏళ్లకు పైగా ముందే గుర్తించిందన్నది గమనార్హం.

6. ముగింపు

క్రైస్తవ విద్యాసంస్థలు ‘ఎవరు బోధించవచ్చు’ అన్న ప్రశ్నకు కొత్త సమాధానమిచ్చాయి. ‘ఏ భాషలో బోధిస్తే పిల్లవానికి అర్థమవుతుంది’ అన్న క్యాంబెల్ ప్రశ్న మాత్రం మిగిలింది. ఇంట్లో కన్నడమో ఉర్దూయో మాట్లాడే పిల్లలు తెలుగుబడిలో చేరే ఆదోని, ఎమ్మిగనూరులలో ఉపాధ్యాయుని సన్నద్ధతను పట్టాతోపాటు ఆ పిల్లల భాషను అతడు ఎంత ఎరుగునన్న దానితోనూ కొలవాలి. శిక్షణ పాఠ్యప్రణాళికలో ఈ సరిహద్దు భాషాస్థితికి చోటు కల్పించడం చారిత్రకంగా సమంజసం.