పాదరసం చెప్పిన కబురు

ఆశ్వయుజ కార్తీకాలు వచ్చాయంటే చాలు, బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త కోస్తా జిల్లాల వారి చెవిని పడుతూనే ఉంటుంది. చిన్నతనంలో రేడియోలో ఈ మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం కలిగేది. పీడనం అల్పమైతే మంచిదే కదా, మరి పెద్దవాళ్ళు ఎందుకు దిగులుపడుతున్నారు అని. పీడ, పీడన, పీడించుట - ఈ కుదురులోని మాటలన్నీ మన భాషలో బాధకే పేర్లు. కాబట్టి అల్పపీడనమన్న అనువాదం శాస్త్రరీత్యా నిర్దోషమే అయినా వాడుక చెవికి తలకిందులుగా వినిపిస్తుంది. గాలి ఒత్తిడి తగ్గిన చోటనే మనుషులకు ఎక్కువ పీడ! ఈ చిత్రమైన సంగతిని ప్రపంచం తెలుసుకున్న కథలో కొన్ని పుటలు మన కోరంగికీ బందరుకూ చెందినవి. వాటిని ఒకమారు తిరగేయాలని ఈ ప్రయత్నం.

గాలికి బరువున్నదన్న ఆలోచనకు దారితీసినవి నీళ్ళు తోడే పంపులు. పదిహేడో శతాబ్దపు ఇటలీలో పంపును ఎంత నేర్పుగా తయారుచేసినా నీటిని పది మీటర్లకు మించి పైకి లాగలేకపోయేది. గెలీలియో అంతటివాడు కూడా ఈ చిక్కుముడిని పూర్తిగా విప్పలేదు. ఆయన శిష్యుడు టారిసెల్లీ నీటికి బదులు దానికంటె పదమూడున్నర రెట్లు బరువైన పాదరసాన్ని ఎంచుకున్నాడు. ఒక కొన మూసిన గాజుగొట్టాన్ని పాదరసంతో నింపి, పాదరసపు తొట్టిలో తలకిందులుగా నిలబెడితే, గొట్టంలోని పాదరసం కొంత జారి 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచిపోయింది. అది 1643-44 నాటి మాట. పాదరసాన్ని అక్కడ నిలిపినది గొట్టం పైభాగాన ఏర్పడిన శూన్యం కాదు, బయట తొట్టి మీద మోపిన గాలి బరువు. మనమందరం గాలి సముద్రం అడుగున నివసిస్తున్నామని ఆయన భావించాడు. ఆ సముద్రపు బరువు చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో. అంటే చాచిన అరచేతి మీద ఒక ధాన్యపు బస్తా ఉన్నట్టే. కింది నుండీ అంతే బలంతో గాలి నెడుతూ ఉంటుంది కాబట్టి ఆ బరువు మనకు తెలియదు.

1648 సెప్టెంబరు 19న ఫ్రాన్సులో పాస్కల్ బావగారైన పెరియే ఈ గొట్టాన్ని పుయ్ ద దోమ్ కొండ మీదికి మోసుకుపోయి, పాదరసం ఎనిమిది సెంటీమీటర్లకు పైగా దిగిందని చూపాడు. పైకి పోయినకొద్దీ తలమీది గాలి తరుగుతుంది, బరువూ తరుగుతుంది. ఇంతవరకు సులువే. ఒకేచోట కదలకుండా ఉంచిన గొట్టంలో కూడా పాదరసం రోజురోజుకూ ఎందుకు పైకీ కిందికీ ఆడుతున్నదన్నది అసలు ప్రశ్న. జర్మనీలో మాగ్డెబర్గ్ నగర పెద్ద గెరికే తన ఇంటికి అమర్చుకున్న నీటి భారమితిలో మట్టం హఠాత్తుగా పడిపోవడం చూసి, 1660లో ఒక పెద్ద గాలివానను ముందుగానే చెప్పగలిగాడు. పాదరసం దిగితే వాన, ఎక్కితే ఎండ అన్న సూత్రం అటు తరువాత ఐరోపాలో ఇళ్ళలోకి పాకింది. సూత్రం దొరికింది కానీ కారణం దొరకడానికి ఇంకా రెండు శతాబ్దాలు పట్టింది.

ఆ కారణాన్ని ఇప్పటి పరిజ్ఞానంతో మన బంగాళాఖాతానికే అన్వయించి చెబుతాను. సముద్రపు పైనీరు 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు దానిమీది గాలి వేడెక్కి, ఆవిరిని నింపుకుని తేలికపడుతుంది. (ఆవిరి నిండిన గాలి బరువెక్కుతుందని మనకు తోస్తుంది, నిజానికి నీటి అణువు నత్రజని అణువు కన్న తేలిక.) తేలికైన గాలి పైకి లేస్తుంది, పైన చల్లబడుతుంది, ఆవిరి మేఘమై కురుస్తుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని విడిచిపెడుతుంది. ఆ వేడి చుట్టూ ఉన్న గాలిస్తంభాన్ని మరింత ఉబ్బించి, పైభాగాన గాలిని నాలుగు పక్కలకూ ఒలకబోస్తుంది. స్తంభం బరువు తగ్గుతుంది, దాని అడుగున పీడనం పడిపోతుంది. ఆ వెలితిని పూడ్చడానికి చుట్టుపక్కల గాలి పరుగెత్తుకొస్తుంది. అది నేరుగా వచ్చి చేరితే గొడవ తీరిపోయేది. కానీ భూమి తిరుగుతున్నది కాబట్టి మన ఉత్తరార్ధగోళంలో ఆ గాలి కుడివైపుకు మళ్ళి, వెలితి చుట్టూ అపసవ్యంగా గిరగిర తిరగసాగుతుంది. తిరిగే గాలి వెలితిని త్వరగా పూడ్చలేదు. తనతో తెచ్చిన తేమతో దానిని ఇంకా పెంచుతుంది. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుఫాను అని మన వాతావరణ శాఖ పేర్లు పెట్టింది. అధిక పీడనంలో ఇదంతా తిరగబడి, గాలి పైనుండి కిందికి దిగుతుంది కాబట్టి మబ్బు కట్టదు. దాన్ని గురించి చెప్పవలసింది అంతే.

1857లో బయిస్ బాలట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు ఒక సులభమైన సూత్రం చెప్పాడు. మన గోళార్ధంలో గాలికి వీపు చేసి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపున ఉంటుంది. బందరు రేవులో ఉత్తరపు గాలి ఈడ్చి కొడుతున్నదంటే, గుండం తూర్పున సముద్రంలో కూర్చున్నదని అర్థం.

ఇక్కడ ఉష్ణమండలానికి ప్రత్యేకమైన విశేషం ఒకటున్నది. ఐరోపాలో పాదరసం వారం రోజులలోనే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కి దిగినా ఎవరికీ కొంప మునగదు. మన అక్షాంశాలలో అలా కాదు. ప్రతిదినం ఉదయం పది గంటల వేళకు, మళ్ళీ రాత్రి పది గంటల వేళకు పాదరసం కాస్త ఎక్కుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి, సాయంత్రం నాలుగింటికి కాస్త దిగుతుంది. ఎక్కడం దిగడం అంతా కలిపి రెండు మూడు మిల్లీమీటర్లు. గడియారం లాంటి ఈ లయ తప్పిందంటే, సాయంత్రం దిగిన పాదరసం రాత్రి తిరిగి ఎక్కలేదంటే, అనుభవజ్ఞుడైన నావికుడు లంగరెత్తేవాడు. స్వల్పమైన తేడా ఇక్కడ ప్రాణాంతకం.

అలాంటి నావికుల దినచర్య పుస్తకాలను ప్రోగుచేసి చదివినవాడు హెన్రీ పిడింగ్టన్. ఓడ నాయకుడుగా పనిచేసి కలకత్తాలో స్థిరపడిన ఆంగ్లేయుడు. బంగాళాఖాతంలో తుఫానుకు చిక్కిన ఓడలు ఏ గంటలో ఎక్కడ ఉన్నాయి, గాలి ఏ దిక్కుది, పాదరసం ఎంత అని గుర్తించి, వాటిని పటం మీద పెట్టి, ఇవి వలయాలని నిర్ధారించాడు. 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో వీటికి సైక్లోన్ అని పేరుపెట్టాడు. పాము చుట్ట అన్న భావం గల గ్రీకు మాట నుండి తీసిన పేరు అది. ఆ పుస్తకంతో పాటు కొమ్ముతో చేసిన పారదర్శకమైన రేకులు ఇచ్చేవారు. వాటిమీద వలయం గీసి ఉండేది. నావికుడు దానిని పటం మీద పరిచి తుఫాను కన్ను ఎక్కడుందో చూసుకునేవాడు. ఒక శాస్త్రాన్ని అక్షరం ముక్క సరిగా రానివాడి చేతికి కూడా అందించాలన్న ఆ తపన నాకు ఆయన పాండిత్యం కంటె గొప్పదిగా తోస్తుంది.

ఆయన చర్చించిన తుఫానులలో 1789 డిసెంబరు నాటిదిగా చెప్పిన కోరంగి ఉప్పెన ఒకటి. గోదావరి ముఖాన ఓడల నిర్మాణానికి పేరుపడిన రేవు కోరంగి. (బర్మాలో తెలుగువారందరినీ కోరంగీలనే పిలిచేవారంటే ఆ రేవు ప్రాభవం ఊహించుకోవచ్చు.) మూడు మహాతరంగాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఊరిని తుడిచిపెట్టాయని ఆ వృత్తాంతం. 1839 నవంబరులో మరొక ఉప్పెన వచ్చింది. ఆ తరువాత కోరంగి మునుపటి కోరంగి కాలేదు. 1839లో మూడు లక్షలమంది పోయారని అంతర్జాలంలో ఒకరిని చూసి ఒకరు రాస్తున్నారు. ఆ నాటి ఆ మేరలో అంతమంది జనం ఉన్నారా అన్నది ఎవరూ అడగడం లేదు. నేనా అంకెను నమ్మను.

పిడింగ్టన్ చెప్పిన మాట పాలకుల తలకెక్కలేదు. కలకత్తాకు దిగువన మాత్లా నది మీద కొత్త రేవు కట్టవద్దు, ఉప్పెన మింగేస్తుందని ఆయన 1853లో గవర్నర్ జనరల్‌కు విన్నవించాడు. కట్టారు. 1858లో పిడింగ్టన్ మరణించాడు. 1867 తుఫానులో ఆ రేవు దెబ్బతిని పాడుబడింది.

దానికి మూడేళ్ళ ముందే ఇంకా ఘోరం జరిగింది. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నెల తిరగకుండా నవంబరు 1న బందరును ఉప్పెనలు ముంచాయి. బందరు ప్రాంతంలో 30 వేలమంది పోయారని లెక్క. ఆనాటికి భారమితులున్నాయి. మద్రాసు నక్షత్రశాలలో పద్దెనిమిదో శతాబ్దం చివరి నుండే కొలతలు రాస్తున్నారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పారు. 1856లో ఆయన పోయాక అల్లుడు నరసింగరావు గారు దానిని నడిపారు. తెలుగువారు గర్వించదగిన ఈ మామా అల్లుళ్ళ గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పవలసినంత చెప్పలేదు. అయితే ఒక్కచోటి పాదరసం, పడిపోతున్నదని చెప్పగలదే కానీ గుండం ఎటు నడుస్తున్నదో చెప్పలేదు. అందుకు ఒకే గంటలో పదిచోట్ల తీసిన కొలతలు ఒక బల్ల మీదికి చేరాలి. దానిని సాధ్యం చేసినది తంతి. ఇంగ్లండులో ఫిట్జ్‌రాయ్ 1861లో తంతి ద్వారా తుఫాను హెచ్చరికలు పంపసాగాడు. ఇక్కడ 1865లో కలకత్తా రేవుకు హెచ్చరికలు మొదలయ్యాయి, 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

నేటికీ నడిసముద్రంలో భారమితులు అరుదే. గుండం నడిబొడ్డున పీడనం ఇంత అని వార్తల్లో చెప్పేది చాలాసార్లు ఉపగ్రహ చిత్రంలోని మబ్బుల చుట్టను బట్టి కట్టిన అంచనా.

ఉప్పెన గురించి ఒక అపోహ ఉన్నది. పీడనం తగ్గడం వల్ల సముద్రం ఉబ్బి మీదికొస్తుందని చాలామంది అనుకుంటారు. ఉబ్బడం నిజమే, కానీ ఒక మిల్లీబారు తగ్గితే నీరు లేచేది ఒక సెంటీమీటరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫాను నడిమి పీడనం 943 మిల్లీబార్లని అంచనా. మామూలు 1010కి అది 67 తక్కువ. ఆ లెక్కన మీటరు ఎత్తు కూడా రాదు. వచ్చినది ఐదు మీటర్ల నీరు. మిగిలినదంతా గాలి నెట్టుకొచ్చినదే. లోతులేని తీరం దానిని వెనక్కి పోనివ్వలేదు. తుఫాను పడమరగా వచ్చి తీరం దాటేటప్పుడు, దాటే చోటుకు ఉత్తరపు పక్కన గాలి సముద్రం నుండి నేల మీదికి వీస్తుంది. ఉప్పెన ముప్పు అక్కడే ఎక్కువ.

దివిసీమలో పదివేలమందికి పైగా పోయారు. అప్పటికి వాతావరణ శాఖకు వందేళ్ళు దాటాయి, ఉపగ్రహాలున్నాయి, రేడియో ఉన్నది. సముద్రపు ఒడ్డు గుడిసెలో రేడియో లేదు, పరుగెత్తి ఎక్కడానికి మేడ లేదు. 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని తాకిన తుఫాను పీడనం సుమారు 920 మిల్లీబార్లు, అంటే దివిసీమ నాటి దానికన్న బలమైనది. లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు వెయ్యిలోపే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చిపెట్టినప్పుడు రాష్ట్రంలో మరణాలు వందలోపు. నడుమ 1996 నవంబరులో కోనసీమ మీదికి వచ్చినది విస్తీర్ణంలో చిన్న తుఫాను. అయినా వెయ్యిమందికి పైగా బలిగొన్నది.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుండి పదకొండు దాకా ఉంటాయని వార్తల్లో విన్నవారికి తెలుసు. దూరాన గుండం ఏర్పడితే ఒకటి. మహా ప్రమాదానికి పది. పదకొండోది గాలి వేగాన్ని గానీ పాదరసాన్ని గానీ తెలిపేది కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ముప్పు ఉన్నదని స్థానిక అధికారి భావిస్తున్నాడు అని దాని అర్థం.